విద్యలనగరపు హరిదాసు – ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితము

శ్రీమద్భాగవతమున ప్రహ్లాదుడు తన తండ్రికి తెలిపిన నవవిధ భక్తులలో శ్రవణ కీర్తనములు మొదటి రెండు. శ్రవణమునకు పరీక్షిన్మహారాజును, కీర్తనమునకు శుకయోగీంద్రుని పెద్దలు నిదర్శనముగా చూపుదురు. ఈ రెండింటికిని విడరాని సంబంధము కలదు. చెప్పువాడు లేనిదే వినుట లేదు. వినువాడు లేనిదే చెప్పుటకు సార్థకత లేదు. గంగాతీరమున ఏడు దినములు సాగిన ఆ శ్రవణ కీర్తనములే తరతరములుగా మన ఆలయ మంటపములలోను, గ్రామములలోని చలువపందిళ్లలోను మరల మరల జరుగుచు వచ్చినవి. తెలుగునాట ఆ కీర్తనభక్తికి హరికథ యను రూపమును తీర్చిదిద్ది, దానికి కావ్యగౌరవమును సంపాదించి పెట్టిన మహనీయుడు శ్రీమదజ్జాడాదిభట్ల నారాయణదాసు. లోకము వారిని హరికథా పితామహుడని కీర్తించినది.

నారాయణదాసుగారు రాజాస్థాన విద్వాంసులు. సన్మానములు, బిరుదములు, కనకాభరణములు వారికి కొదవ లేదు. ఐనను వారు తమ పేరున నిలుపుకొన్నది దాసశబ్దము ఒక్కటే. ఆ దాస్యము ఎవరికి చేసిరి, ఆ దాస్యము వలన ఒక నగరమునకు, తెలుగు జాతికి కలిగిన లాభమేమి అను విషయమును తెలిసికొనుటకే వారి చరిత్రమును ఇచట స్మరించుచున్నాము.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, రక్తాక్షి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశినాడు, సువర్ణముఖీ నదీతీరమున గల అజ్జాడ గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోని బలిజిపేట మండలమున ఉన్నది. తల్లి నరసమ్మగారు, తండ్రి వేంకటచయనులుగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఇంట పురాణపఠనము నిత్యకృత్యము. అక్షరములు సరిగా దిద్దుటకు ముందే ఆ బాలునికి భాగవత పద్యములు నోటికి వచ్చినవి. ఐదేండ్ల వయసున తల్లితో యాత్రకు వెళ్లినప్పుడు, పుస్తకముల అంగడిలో భాగవతమును కొనిపెట్టుమని మారాము చేసెననియు, ఇంత చిన్నవానికి ఆ గ్రంథమెందుకని నవ్విన అంగడివాడు ఆ పసివాని నోట ధారగా వెలువడిన పద్యములను విని విస్తుపోయి పుస్తకమును ఊరకయే ఇచ్చెననియు పెద్దలు చెప్పుకొందురు. ఆ బాలుని జీవితమంతయు ఈ చిన్న కథలో బీజరూపమున ఉన్నది. వినుట వలన వచ్చిన విద్య, పలుకుట వలన పండినది.

సంగీతమున వాసా సాంబయ్యగారి వద్ద కొంత శిక్షణ లభించినను, దాసుగారి విద్యలో అధికభాగము స్వయంకృషి వలన వచ్చినదే. భగవంతుడు వారికి కంచుగంట వంటి కంఠమును, ఒకసారి విన్నదానిని మరువని ధారణను ప్రసాదించెను. చదువుకొఱకు వారు అన్నగారి యింటికి విజయనగరము వచ్చిరి. ఆ రాక వారి జీవితమునకు మలుపు.

విజయనగరమునకు విద్యలనగరమని వాడుక పేరు. పూసపాటివారు 1713లో కోట కట్టించినది మొదలు ఆ పట్టణమున పండితులకు, గాయకులకు, మల్లులకు ఆదరము పెరుగుచు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అచట సంస్కృత పాఠశాలయు, ఇంగ్లీషు కళాశాలయు వెలసినవి. ఒక వీథిలో వ్యాకరణ శాస్త్ర పాఠము, మఱియొక వీథిలో వీణానాదము, ఇంకొకచోట మల్లుల సాము, వేరొకచోట నాటకముల అభ్యాసము. ఇట్టిది ఆ నగరము. 1879లో పట్టమునకు వచ్చిన ఆనందగజపతి మహారాజు స్వయముగా సంగీత సాహిత్యములు తెలిసిన రసికుడు. మహావైయాకరణులైన తాతా సుబ్బరాయశాస్త్రిగారు శిష్యులకు పాఠములు చెప్పినది అచటనే. కన్యాశుల్కమును రచించిన గురజాడ అప్పారావుగారు నివసించినది అచటనే. ఒకరి విద్య ఒకరికి తెలిసి, ఒకరి తప్పు ఒకరు దిద్దగలిగిన విద్వత్సమాజము ఉన్న చోటనే కళ పెంపొందును. దాసుగారికి అట్టి సమాజము యౌవనముననే లభించినది.

1883వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కుప్పుస్వామి నాయుడు అను భాగవతుడు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పెను. మహారాష్ట్రదేశపు కీర్తన సంప్రదాయము తంజావూరు మీదుగా దక్షిణదేశమున వ్యాపించి, అప్పటికి అరవనాట కథాకాలక్షేపముగా రూపుదిద్దుకొన్నది. తెలుగునాట పురాణ ప్రవచనము ఉన్నది, భజన ఉన్నది, యక్షగానము ఉన్నది. ఐనను ఒక్కడే నిలిచి కథ నడుపుచు, పాడుచు, ఆడుచు, అభినయించుచు రాత్రియంతయు సభను రంజింపజేయు విధానము ఇంకను వేళ్లూనుకొనలేదు. పందొమ్మిదేండ్ల సూర్యనారాయణ ఆ కథను విన్నాడు. తన కంఠమునకు, కవిత్వమునకు, ధారణకు, చిన్ననాటి నుండి పెంచుకొన్న భాగవతాభిమానమునకు తగిన మార్గము కనుగొన్నాడు. ఆ సంవత్సరముననే ధ్రువచరిత్రమును తానే రచించి, తానే కాళ్లకు గజ్జె కట్టి చెప్పినాడు. నాటినుండి అరువది సంవత్సరములకు పైగా ఆ గజ్జెల మ్రోత తెలుగుదేశమున వినబడుచునే యున్నది. సూర్యనారాయణ నారాయణదాసైనాడు.

ధ్రువచరిత్రము తరువాత అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము, ప్రహ్లాద చరిత్రము, రుక్మిణీ కల్యాణము వచ్చినవి. మార్కండేయ చరిత్రము, సావిత్రీ చరిత్రము, భీష్మ చరిత్రము, జానకీ శపథము, హరిశ్చంద్రోపాఖ్యానము వచ్చినవి. రామకథను యథార్థ రామాయణమను పేర హరికథలుగా రచించిరి. వీనిలో అనేకములకు మూలము భాగవతము. అట్లని పోతనగారి పద్యములను తెచ్చి మధ్యమధ్య చదివి ఊరకున్నవారు కారు దాసుగారు. పద్యము, కీర్తన, దరువు, వచనము అన్నియు తామే కూర్చి, ప్రతి కీర్తనకు రాగతాళములు తామే నిర్ణయించి, ప్రతి కథను ఒక ప్రబంధముగా నిలిపిరి. అంతకుముందు హరికథ ప్రధానముగా చెప్పువాని నోట నిలుచు విద్య. దాసుగారి చేతిలో అది చదువదగిన కావ్యము కూడ ఐనది.

హరికథ నడచు తీరు నేటి పిల్లలలో చాలమందికి తెలియదు కనుక ఒక మాట చెప్పవలసియున్నది. హరిదాసు పట్టుపంచె కట్టి, నడుమునకు ఉత్తరీయము బిగించి, మెడలో పూలమాలయు, చేతిలో చిడతలును, కాళ్లకు గజ్జెలును ధరించి నిలుచును. ప్రక్కన మృదంగము, వయొలిను ఉండును. ఇష్టదేవతా ప్రార్థనతో కథ మొదలగును. కథలోని రాజు అతడే, ఋషి అతడే, తల్లి అతడే, బిడ్డ అతడే. సభ అలసినట్లు తోచినచో ఒక పిట్టకథ చెప్పి నవ్వించును. నవ్వు ఆరకమునుపే మరల కథలోనికి తీసికొనిపోయి కన్నీరు పెట్టించును. సంగీతము తెలిసినవాడు రాగమునకు తల యూపును. శాస్త్రము తెలిసినవాడు ఉపనిషదర్థమునకు మురియును. అక్షరము రానివాడు గజేంద్రుని మొరకు చేతులు జోడించును. ఒకే పందిటి క్రింద, ఒకే చాపమీద, ఇందరికి ఇన్ని విధములుగా తృప్తి కలిగింపవలెనన్నచో ఆ చెప్పువానికి ఎంత విద్య కావలెనో ఊహించుకొనవచ్చును. పండితుడు సాధారణముగా తన సభను తాను ఎన్నుకొనును. హరిదాసునకు ఆ స్వాతంత్ర్యము లేదు. వచ్చిన ప్రతివాడును అతని సభాసదుడే. అందువలననే ఇది దాస్యము.

దాసుగారు కథలు చెప్పుచు దేశాటనము చేసిరి. చెన్నపట్టణమున విద్వాంసుల మెప్పు పొందిరి. మైసూరు సంస్థానమున చామరాజేంద్ర ఒడయరు ప్రభువు వారి గానమునకు ముగ్ధుడై ఘనముగా సత్కరించి, నాడు వింతగా నుండిన ఫొనోగ్రాఫు యంత్రమున వారి కంఠమును పట్టించినారందురు. ఆస్థానమున ఉండిపొమ్మని ఆ ప్రభువు కోరగా దాసుగారు వినయముతో సమ్మతింపక మరలి వచ్చిరని ప్రసిద్ధి. పరదేశమున ఇంతటి మన్నన పొందిన మన ఊరివానిని మనము ఆదరింపకున్నామే యని ఆనందగజపతి వారిని తన ఆస్థానమునకు రప్పించుకొనెను. నాటి నుండి దాసుగారికి విజయనగరమే స్థిరనివాసము. ఆనందగజపతి ప్రేరణతో వారు షేక్స్పియరు నాటకముల నుండియు కాళిదాసు కృతుల నుండియు తొమ్మిది రసములకు ఉదాహరణములను ఎంచి తెనిగించి నవరస తరంగిణియను గ్రంథమును కూర్చిరి. ఇంగ్లీషు చదివినవారు కాళిదాసును, సంస్కృతము చదివినవారు షేక్స్పియరును తెలియక యుండిన కాలమున ఆ గ్రంథము రెండు తెగల విద్యావంతులను ఒకచోట కూర్చుండబెట్టినది. 1897లో ఆనందగజపతి స్వర్గస్థుడైనను దాసుగారు ఆ నగరమును విడువలేదు.

లయ విషయమున దాసుగారి ప్రజ్ఞ అసాధారణము. రెండు చేతులతో రెండు తాళములను, రెండు పాదములతో రెండు తాళములను, శిరస్సుతో ఐదవ తాళమును ఏకకాలమున నడిపి, అన్నింటిని ఒక్క ముక్తాయింపునకు తెచ్చి కలుపుట వారికి సాధ్యమైనది. అందువలన పంచముఖీ పరమేశ్వరుడను బిరుదము వచ్చినది. లయబ్రహ్మయనియు వారిని పిలిచిరి. ఐదు తాళములు ఐదు దిక్కులకు పోవుచుండగా మనస్సు ఒక్కచోట నిలుచుట యోగము కాక మఱేమి? పంచేంద్రియములను ఏకముఖము చేయవలెనని శాస్త్రము చెప్పును. దాసుగారు దానిని రంగస్థలమున చేసి చూపిరి. శివకేశవులకు భేదము పాటింపని వారగుటచే, ఒక రాత్రి ప్రహ్లాదుని కథ చెప్పిన నోటనే మరునాడు మార్కండేయుని కథ చెప్పెడివారు.

వారి గ్రంథరచన విస్తారమైనది. తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషులతో పాటు పారశీకభాషను కూడ వారు నేర్చిరి. ఋగ్వేద సూక్తములను కొన్నింటిని ఏర్చి తెనిగించి గానయోగ్యముగా కూర్చిరి. తొంబది రాగములతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరి యను కృతిని రచించిరి. సంస్కృతమున హరికథలు, శతకములు వ్రాసిరి. ఒక్క సంస్కృత పదమైనను చేరని అచ్చ తెలుగున గౌరప్ప పెండ్లియను హరికథను చెప్పిరి. లలితా సహస్రనామములకు తల్లి విన్కియను పేరను, శ్రీ విష్ణు సహస్రనామములకు వెన్నుని వేయిపేర్ల వినకరి యను పేరను అచ్చ తెలుగు రూపములను కల్పించిరి. నిత్యము సహస్రనామ పారాయణము చేయు వైష్ణవ గృహములవారు ఈ చివరి కృతిని గుర్తింపవలసియున్నది. భీష్ముడు ధర్మరాజునకు ఉపదేశించిన నామములను పామరుని యింటి పలుకులలోనికి దింపవలెనని ఒక సంస్కృతజ్ఞుడు పూనుకొనుట చిన్న సాహసము కాదు. ఐతే ఉన్నమాట చెప్పవలెను. మరుగునపడిన తెలుగు పలుకులను వెలికితీయుటలో దాసుగారు ఎంత దూరము పోయిరనగా, ఆ అచ్చ తెలుగునకు నేడు సంస్కృతము కంటె ఎక్కువ వ్యాఖ్యానము కావలసివచ్చుచున్నది. హరికథలో అందరికి అందిన కవి, ఈ కృతులలో మాత్రము తన కాలపు పాఠకునికంటె చాల ముందు నడచినాడు.

భక్తిపరులైన కొందరికి ఇచట ఒక సందేహము కలుగవచ్చును. మధుపానమును గూర్చి పాడిన ఉమర్ ఖయ్యాము పద్యములను ఒక హరిదాసు ఏల అనువదింపవలెను? దాసుగారు 1932లో ఆ రుబాయతులను పారశీక మూలము నుండియు, ఫిట్జెరాల్డు ఇంగ్లీషు అనువాదము నుండియు సంస్కృతమునకును అచ్చ తెలుగునకును మార్చి ప్రకటించిన మాట నిజము. ఇందు విడ్డూరము లేదు. మూలభాష నేర్చి, ఇంగ్లీషు అనువాదము మూలమునకు ఎంత దగ్గరగా ఉన్నదో ఎంత దూరముగా ఉన్నదో ప్రక్కప్రక్కన నిలిపి చూపుట వారి ఉద్దేశము. ఇతరులు చెప్పినదానిని నమ్మి ఊరకుండక మూలమును పోయి చూచుట పండితధర్మము. వెన్నుని పేర్లను తెనిగించిన శ్రద్ధయే ఇచటను పనిచేసినది. జీవితము క్షణికమను మాట ఏ భాషలో వినబడినను హరిదాసునకు అది పరాయిమాట కాదు.

దాసుగారి సేవలో ముఖ్యమైన ఘట్టము 1919లో వచ్చినది. ఆ సంవత్సరమున విజయరామ గజపతి మహారాజు విజయనగరమున సంగీత పాఠశాలను స్థాపించెను. ఆస్థానోద్యోగి యొకరి కుమారుడు చూపులేని బాలుడు. అతనికి సంగీతమున గల అభిరుచిని చూచి జాలిగొన్న ప్రభువు, ఆ ఒక్కనికి మాత్రమే కాక అందరికి ఉపకరించునట్లు ఈ పాఠశాలను పెట్టించెనని ఆ నగరమున చెప్పుకొందురు. దానికి విజయరామ గాన పాఠశాలయని పేరు, దాసుగారు ప్రథమాధ్యక్షులు. స్థాపించిన ప్రభువు పేరే దానికి వచ్చినను, రామకథను జీవితమంతయు పాడిన దాసుగారికి ఆ పేరులో రాజుకంటె రాముడే ముందు కనబడియుండును.

గురువు యింట శుశ్రూష చేసి సంపాదింపవలసిన సంగీతమును తరగతిలో నేర్పుట నాటికి తెలుగునాట క్రొత్త. ఎవరి విద్యను వారు దాచుకొను అలవాటు గల కాలమున వీణ, వయొలిను, మృదంగము, గాత్రము ఒకే కప్పు క్రింద నేర్పుటకు ఏర్పాటైనది. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు ఇరువదియారేండ్ల వయసున ఈ పాఠశాలలో విద్యార్థిగా చేరవలెనని వచ్చిరి. వారి వయొలిను వాద్యమును విన్న దాసుగారు, ఈతడు నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని నిశ్చయించి, ఆచార్యపదవినే ఇప్పించిరని ప్రసిద్ధి. వాద్యమును విని మనిషిని గుర్తించుట ఒక గుణము. గుర్తించినవానిని తన ప్రక్కన సమానముగా కూర్చుండబెట్టుట అంతకు మించిన గుణము. పదునేడు సంవత్సరముల తరువాత, 1936లో దాసుగారు పదవిని విడిచినప్పుడు ద్వారం వారే అధ్యక్షులైరి. అనంతర కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు ఆ పాఠశాలలోనే సంగీతము అభ్యసించిరి. ఘంటసాలవారి కంఠమున భగవద్గీతను విని తెల్లవారుజామున నిద్రలేచిన గృహములు మన దేశమున ఎన్ని కలవో! ఆ గీతకును విజయనగరపు పాఠశాలకును గల సంబంధమును గుర్తుంచుకొన్నవారు కొద్దిమంది.

దాసుగారు తమ జీవితమును నా యెఱుకయను గ్రంథమున తామే వ్రాసికొనిరి. అది వారి ముప్పదియవ యేటివఱకే నడచినది. తరువాతి అర్ధశతాబ్ది చరిత్రమును వారి కృతులు, వారి పాఠశాల, వారి కథలను విన్నవారి జ్ఞాపకములు చెప్పవలసినవే. 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన, ఎనుబదియేండ్లు నిండిన పిమ్మట, వారు పరమపదించిరి.

ఆ తరువాత నాలుగేండ్లకే జమీందారీల కాలము ముగియనారంభించినది. రాజాస్థానములు పోయినవి. కోట కోటగా మిగిలినది. దాసుగారి సన్మానములు, గండపెండేరములు కథలలో మిగిలినవి. ఐదు తాళములను ఒక్కసారి నడపిన ఆ లయవిద్య వారితోనే పోయినదనవచ్చును. కాని వారు అధ్యక్షత వహించిన పాఠశాల 2019లో నూఱేండ్లు నింపుకొని నేటికిని నడచుచున్నది. వారు రచించిన కథలను ఆధారము చేసికొని హరిదాసులు ఇప్పటికిని గజ్జె కట్టుచున్నారు. కపిలేశ్వరపురమున హరికథలకు ప్రత్యేకముగా పాఠశాల వెలసినది. ఒకప్పుడు పురుషులకే పరిమితమైన ఈ విద్యలో నేడు స్త్రీలు మిక్కిలి రాణించుచున్నారు. రాజునకు అంకితమైనది రాజుతో పోయినది; హరికి, శ్రోతలకు అంకితమైనది నిలిచినది.

ఐనను నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. గ్రంథము అచ్చైనచో బీరువాలో నూఱేండ్లు నిలుచును. హరికథకు ఆ భాగ్యము లేదు. దానికి రాత్రిపూట రెండు గంటలు కదలక కూర్చుండు శ్రోత కావలెను. శ్రోత లేచిపోయిననాడు హరిదాసు మూగవోవును. అతడు మూగవోయిననాడు ధ్రువుడు, గజేంద్రుడు, అంబరీషుడు పుస్తకములలో మాత్రమే మిగిలిపోవుదురు. ఉత్సవములలో హరికథకు ఏర్పాటు చేసి, మైకు ముందు ముప్పావుగంట మాత్రమే ఇచ్చి, ముందు వరుసలు ఖాళీగా వదలుట మనకు అలవాటగుచున్నది. ఆ దోషము హరిదాసులది కాదు, మనది. శ్రీరామనవమికో, వైకుంఠ ఏకాదశికో ఊరివారందరు కలిసి ఒక హరిదాసును పిలిపించి, పిల్లలను ముందు కూర్చుండబెట్టుకొని, మంగళము పాడువఱకు లేవక విన్నచో అదియే నారాయణదాసుగారికి మనము చేయదగిన ఆరాధన.

కీర్తనము అందరికి చేతకాదు. అట్టి కంఠము, అట్టి లయ, అట్టి పాండిత్యము యుగమున కొకరికి లభించునేమో. శ్రవణము మాత్రము అందరికి సాధ్యము. పరీక్షిత్తు చేసినది అదియే. అంగడిలో నిలిచి భాగవతమును అడిగిన ఆ ఐదేండ్ల పిల్లవాడు మొదట చేసినదియు అదియే. శ్రీహరి మన గృహములయందు వినవలెనను కోరికను, విన్నదానిని నిలుపుకొను బుద్ధిని ప్రసాదించుగాక.